గిడ్డయ్య గిన్నెలో నీళ్లు

బేతంచెర్ల స్టేషనుకు బండలు తోలే ఎద్దులబండ్లు ఆ రోజుల్లో అరవైకి తక్కువ ఉండేవి కావు. వాటన్నిటిలోకీ ఆఖరున వచ్చేది గిడ్డయ్య బండి. తక్కినవాళ్లు సరుకు దించి, ఎద్దులకు నీళ్లు చూపి, టీకొట్టు ముందర కాసేపు పిచ్చాపాటీ మాట్లాడుకుని తిరుగుదారి పట్టాక, ఎదురుగా కలబంద కంచెల నడుమ సన్నగా ఒక దుమ్ముపొర లేచేది. ఆ దుమ్ముకు కూడా తొందరుండేది కాదు. "అదో, గిడ్డయ్య పెండ్లి మెరవణి వస్తాండాది, దారి ఇయ్యండప్పా!" అని పక్కకు తప్పుకుని పగలబడి నవ్వేవాళ్లు.

నవ్వుకోనీ. గిడ్డయ్య అవన్నీ చెవిన వేసుకునే మనిషి కాదు. అసలు ఆ నవ్వులు ఆయన దాకా చేరేవో లేదో కూడా నాకు అనుమానమే. నొగ మీద కూర్చుని, ఎడమచేతిలో పగ్గాలు వదులుగా పట్టుకుని, తలవంచి కాళ్ల దగ్గర దేన్నో చూసుకుంటూ వచ్చేవాడు. కొత్తగా చూసినవాళ్లు నిద్రపోతున్నాడనుకునేవాళ్లు.

ఆయన చూసేది ఒక కంచుగిన్నెను. పెళ్లిలో భార్య భీమమ్మ పుట్టింటివాళ్లు పెట్టిన గిన్నె. దాన్ని బండి ముందుభాగంలో మెత్తటి బంకమట్టి ముద్దలో కుదురుగా కూర్చోబెట్టి, అంచుకు వేలెడు తక్కువగా నీళ్లు పోసేవాడు. గిన్నె లోపల బొగ్గుతో ఒక గీత. నీళ్లు ఏ పక్కకు వాలినా ఆ గీత దాటకూడదు. దాటితే వెనకున్న బండల్లో ఒకటి పోయినట్టే లెక్క.

బేతంచెర్ల బండ చూడటానికి రాయే గానీ మహా సుకుమారం. లోపల కంటికి కనపడని చీలిక ఒకటి ఉంటుంది. బండిలో పడుకోబెట్టారా, మొదటి కుదుపుకే రెండు ముక్కలు. అందుకని అంచు మీద నిలబెట్టి, బండకూ బండకూ నడుమ జొన్నచొప్ప కూరి తోలతారు. అట్లా తోలినా ఒక్కో బండిలో ఒకటో రెండో పగలడం మామూలే. అప్పుడు కర్నూలు కొత్తగా రాజధాని అయింది. సర్కారు కచేరీలు కొన్ని గుడారాల్లో నడుస్తున్నాయట, కొత్త కట్టడాలకు ఎన్ని బండలు పంపినా చాలడం లేదట. అందరూ పరుగెత్తించేవాళ్లే. పదేళ్లలో ఒక్క బండ కూడా పగలగొట్టని బండి మాత్రం గిడ్డయ్యదొక్కటే. పెద్దవీ, పలచనివీ, నునుపు చేసినవీ ఉంటే గనివాళ్లు ఆయన కోసమే ఆపి ఉంచేవాళ్లు.

పగటికలలు కనేవాడు పనికి పనికిరాడని మనవాళ్లు ఊరికే తిట్టిపోస్తారు. గిడ్డయ్యకు పనీ పగటికలా వేరువేరు కాదు. ఆ గిన్నెలో ఆకాశం ఉండేది. ఒకనాడు డేగ ఒకటి గిన్నె అడుగున చక్కర్లు కొట్టేది. ఒకనాడు నాలుగైదు తెల్లమబ్బులు ఈ అంచున పుట్టి ఆ అంచున మాయమయ్యేవి. ఊరి పక్క గని నుంచి స్టేషనుకు ఏడు మైళ్ల దారి, మూడున్నర గంటల ప్రయాణం, కింద ఎర్రమట్టి, అటూ ఇటూ తంగేడు పొదలు, పాదాల దగ్గర పిడికెడు ఆకాశం. ఇంటికొచ్చి "ఈపొద్దు కొంగలు పోయినాయే, పదకొండు" అని చెబితే భీమమ్మ, "ఎద్దులు రెండూ ఉండాయా, అవీ కొంగలెంబడి పోయినాయా?" అనేది.

కానీ ఆయన నెమ్మదికి అసలు కారణం బండలు కావు. అది ఊళ్లో అందరికీ తెలుసు. తెలిసీ నవ్వేవాళ్లు, మనుషులంతే.

పదేళ్ల కిందట గిడ్డయ్య మంచి జోరు మీదుండే బండివాడు. భీమమ్మకు అప్పుడు తొలిచూలు. నెలలు నిండకముందే కడుపులో నొప్పి లేచింది. బండిలో ఎక్కించుకుని బేతంచెర్లకు ఎద్దులను దౌడు తీయించాడు. దారిలో ఒక వంక ఉంది. వానాకాలంలో నాలుగు రోజులు పారి, తక్కిన ఏడాదంతా ఇసుకై పడుకుంటుంది. ఆ వంక గట్టు దిగుతుంటే వెనకనుంచి భీమమ్మ "నిలుపు!" అని కేక పెట్టింది. గిడ్డయ్య రెండు చేతులతో పగ్గాలు బిగబట్టి లాగాడు. ఎద్దులు ముంగాళ్లు తన్నిపెట్టి నిలిచిపోయాయి. భీమమ్మ మాత్రం నిలవలేదు, దొర్లుకుంటూ వచ్చి నొగకు కొట్టుకుంది. అక్కడే, ఆ ఇసుకలోనే, బిడ్డ పుట్టింది. ఏడవలేదు. మగబిడ్డ. గట్టు మీద కలబంద మొదట్లో గుంత తవ్వి కప్పిపెట్టి ఖాళీ చేతులతో వెనక్కి తిరిగారు.

వేగమే బిడ్డను మింగిందని గిడ్డయ్య నమ్మాడు. ఆ రోజునుంచీ ఎద్దులు నడకను మించి ఒక్క అడుగు వేయలేదు. భీమమ్మను మళ్లీ బండి ఎక్కించనూ లేదు. తిరునాళ్లకైనా, పుట్టింటికైనా ఆమె నడిచే పోవాలి.

పదేళ్లయ్యాక, ఇంక ఆశ వదులుకున్నాక, భీమమ్మకు మళ్లీ నెల తప్పింది. గిడ్డయ్య మరుసటి రోజు గిన్నెలో బొగ్గుగీతను ఇంకో నూలుపోగంత కిందికి గీసుకున్నాడు. బండిలో ఆమె లేదు, ఎక్కబోదు కూడా. అయినా గీసుకున్నాడు.

ఆమెకు ఐదోనెల నడుస్తుండగా ఏసేపు అయ్యవారు గనికి వచ్చాడు. ఆయన బేతంచెర్ల బళ్లో లెక్కలూ సైన్సూ చెప్పేవాడు. సన్నటి మనిషి, నల్ల గొడుగు, జేబులో ఎప్పుడూ సుద్దముక్కలు. చిన్న ఇల్లు కట్టుకుంటూ నడవలోకి పన్నెండు బండలు తనే ఏరి, గిడ్డయ్య బండిలోనే వేయించి, గొడుగు వేసుకుని తనూ ఎక్కి కూర్చున్నాడు. ఒక మైలు దాటేసరికి ఆయనకు ఒళ్లంతా చీమలు పాకినట్టయింది. దిగి నడిస్తే ముందుగా చేరతానని కూడా అనిపించింది. ఏం చేయాలో తోచక గిన్నెలోకి తొంగిచూశాడు.

"ఏమప్పా గిడ్డయ్యా, ఈ గిన్నె ఎందుకు?"

"వేగం చూసేదానికి అయ్యోరా. వేగం ఎక్కువైతే నీళ్లు వాలతాయి, బండ పగుల్తాది."

అయ్యవారు గొడుగు ముడిచాడు. ఆయన గొడుగు ముడిచాడంటే పాఠం మొదలుపెట్టాడన్నమాటేనని బళ్లో పిల్లలందరికీ తెలుసు.

"అట్లనా. ఇప్పుడు బండి పోతాండాది గదా. నీళ్లెట్లుండాయి?"

"సమంగా ఉండాయి."

"బండి నిలిచినప్పుడు ఎట్లుంటాయి?"

"అప్పుడూ సమంగానే."

"మరి బండి పోతాండాదో నిలిచిందో నీళ్లకేం తెలిసినట్టు?"

గిడ్డయ్య తలెత్తి ఆయన వంక చూశాడు. పదేళ్లుగా ఆ నీళ్లను చూస్తున్నాడు. ఈ ప్రశ్న ఎప్పుడూ తట్టలేదు.

"రైలెప్పుడైనా ఎక్కినావా?"

"ఒక్కసారి. అహోబిలం తిరునాళ్లకు, నంద్యాల దాకా."

"రైలు నీ ఎద్దులకన్నా పదింతలు పోతాది. దాంట్లో చెంబెత్తి నీళ్లు తాగింటావు గదా, తొణికినాయా?"

గిడ్డయ్య కళ్లు మూసుకుని గుర్తు చేసుకున్నాడు. రైలు కదిలినప్పుడు నీళ్లు చొక్కా మీదికి వచ్చాయి. నంద్యాలలో ఆగేటప్పుడు ముందు కూర్చున్న ముసలామె ఒడిలోకి పోయాయి, ఆమె తిట్టింది కూడా. నడుమ పొలాలు వెనక్కి పరుగెత్తుతున్నంతసేపూ చెంబులో నీళ్లు బావిలో నీళ్లంత నిమ్మళంగా ఉన్నాయి.

"కదిలేటప్పుడు, నిలిచేటప్పుడు తొణికినాయి అయ్యోరా. నడమ ల్యా."

"అదీ మాట! ఇప్పుడు ఎద్దులను అదిలించు. మెల్లగా, వాటికే తెలీకుండా వేగం పెంచు."

గిడ్డయ్య పగ్గాలు దగ్గరికి తీసుకున్నాడు. "వద్దయ్యోరా, బండలు పోతాయి."

"పోతే నా బండలే గదా. నాకు లేని బాధ నీకెందుకప్పా?"

ముందర రెండు ఫర్లాంగుల మేర దారి చదునుగా ఉంది. కర్రోడూ మైలోడూ, అంటే గిడ్డయ్య ఎద్దులు, నాలుక చప్పుడు వినగానే నమ్మలేనట్టు చెవులు విదిలించాయి. నడక పెద్దనడకైంది. పెద్దనడక దుడుకునడకైంది. దుడుకునడక ఎప్పుడు పరుగులోకి జారిందో చెప్పడం కష్టం. గిన్నెలో నీళ్లు వెనకంచు వైపు వెంట్రుకవాసి వాలాయి, అంతే. పరుగు ఒక తీరుకు రాగానే మళ్లీ సమమయ్యాయి. మువ్వలు మోగుతున్నాయి, గాలి చెవుల్లో హోరుమంటోంది, తంగేడు పొదలు వెనక్కి పోతున్నాయి. పాదాల దగ్గర ఆకాశం మాత్రం చిన్న అల కూడా లేకుండా పడుకుని ఉంది. గిడ్డయ్యకు అది కలో నిజమో తెలియలేదు. మెల్లగా, వచ్చినంత మెల్లగానే, మళ్లీ నడకలోకి దించాడు. ఒక్క బండా పగల్లేదు.

అయ్యవారు సుద్దముక్క తీసి తన కొత్త బండ మీదే లెక్క వేశాడు. "నిలిచిన బండి సెకండుకు మూడు గజాలు పోయే వేగానికి రావాలనుకో. ముప్పై లెక్కపెట్టే లోపల వచ్చిందంటే, ఒక్కో లెక్కకు గజంలో పదోవంతు వేగం పెరిగినట్టు. అది నీళ్లకు పట్టదు, బండకూ పట్టదు. ఒకటి లెక్కపెట్టే లోపల వచ్చిందంటే? మూడు గజాలూ ఒకే దెబ్బకు నెత్తిన పడతాయి. వేగం ఎంత మారిందో తీసుకో, మారేదానికి ఎంతసేపు పట్టిందో దాంతో భాగించు. దాన్ని త్వరణమంటారు. నీళ్లు వాలేది దానికే, వేగానికి కాదు. ఆపేటప్పుడూ ఇదే లెక్క. అప్పుడు ముందుకు వాలతాయి."

గిడ్డయ్యకు భాగహారం రాదు. ముప్పై దాకా లెక్కపెట్టడం మాత్రం వచ్చు. సుద్దగీతల వంక కాసేపు చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మనిషికీ ఇదే లెక్కనా అయ్యోరా?"

"మనిషికైనా ఇదే. వేగం మనిషినేం చెయ్యదప్పా. ఉన్నట్టుండి ఆగేదుండాదే, అది చేస్తాది."

ఆయనకు పాపం వంక సంగతి తెలియదు. పిల్లాడికి లెక్క వచ్చిందని సంతోషపడే పంతులు లాగా నవ్వి, గొడుగు విప్పుకున్నాడు. గిడ్డయ్య మిగిలిన దారంతా గిన్నెలోకి చూడలేదు. పగ్గాలు పట్టిన తన చేతుల వంకే చూసుకున్నాడు.

పదేళ్లు వేగాన్ని తిట్టుకుని బతికాడు. వేగమంటే ఎద్దులది, దారిది, తొందరది. తనది కాదు. ఇప్పుడేమైంది? పగ్గం లాగింది ఎవరు? ఈ రెండు చేతులే. సెకండుకు ఎన్ని గజాల వేగాన్నో ఒక్క గుక్కలో చంపేసింది ఈ చేతులే. చదువు మనిషికి మేలు చేస్తుందంటారు. ఆ రోజు గిడ్డయ్యకు అది చేసిన మేలేమిటో నాకైతే కనపడలేదు.

ఇంటికి వెళ్లి, పొయ్యి ముందు కూర్చున్న భీమమ్మకు అంతా చెప్పాడు. గిన్నె సంగతి, పరుగు సంగతి, సుద్దలెక్క. చివరకు, "బిడ్డను పరుగు సంపలేదే. నేను ఆపేది సంపింది," అన్నాడు. భీమమ్మ ముఖం పక్కకు తిప్పుకుని సంగటి కెలకసాగింది. అవసరానికి మించి కెలికింది. ఆమె తనను క్షమించలేదని, క్షమించే విషయం కాదని గిడ్డయ్య అనుకున్నాడు.

ఆ తర్వాత కూడా బండి నడకే నడిచింది. నీళ్ల మీద నమ్మకం కుదిరింది గానీ చేతుల మీద నమ్మకం పోయింది.

చలికాలంలో ఒక ఉదయం భీమమ్మకు నొప్పులు వచ్చాయి. మంత్రసాని మద్దమ్మ లోపలికి పోయి, చాలాసేపటికి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. ఊళ్లో సగం మందిని భూమ్మీదికి దించిన చేతులవి.

"బిడ్డ అడ్డం పడుండాదప్పా. నా చేతిలో పని గాదు. నంద్యాల ఆసుపత్రికి తీసకపో. పదకొండు గంటల రైలు అందిందా సరి. అందకుంటే..." అని ఆగిపోయింది.

పొద్దు అప్పటికే బారెడు పైకి వచ్చింది. రైలుకు గట్టిగా రెండు గంటలు లేదు. గిడ్డయ్య నడకకు మూడున్నర గంటలు. జోరుగా తోలే బండ్లన్నీ తెల్లారకముందే బండలెత్తుకుని వెళ్లిపోయాయి. ఊళ్లో మిగిలింది ఎప్పుడూ ఆఖరున కదిలే గిడ్డయ్య బండి ఒక్కటే.

"వేరే బండి యాడన్నా..." అన్నాడు గిడ్డయ్య.

"యాడుండాది? నిలబడి సూస్తాండావేమప్పా, కట్టు ఎద్దులను!" అని మద్దమ్మ గదిమింది.

గిడ్డయ్య చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. మోకాలి లోతు చొప్ప పరిచాడు. మీద బొంతలు వేశాడు. భీమమ్మను పడుకోబెట్టి, అటూ ఇటూ, తలకిందా, కాళ్ల దగ్గరా చొప్ప కూరాడు. చక్రం రాయెక్కిన దెబ్బ నేరుగా తగలకుండా, చొప్ప కుంగుతూ దాన్ని సాగదీస్తుంది. అది ఆయన చేతులకు ఎన్నాళ్లుగానో తెలుసు. ఎందుకో ఇప్పుడు తలకు కూడా తెలుసు.

"బండను కూరినట్టు కూరుతాండావే," అంది భీమమ్మ, నొప్పికీ నొప్పికీ నడుమ.

"బండలు ఇన్ని మాటలు మాట్లాడవు," అన్నాడు.

గిన్నెలో నీళ్లు పోసి మట్టిముద్దలో పెట్టాడు. నొగ మీద కూర్చున్నాడు. చేతులు ఆడలేదు. అటు చూస్తే రైలు, ఇటు చూస్తే వంక. నెమ్మదిగా పోతే దారిలోనే ఇద్దరూ పోతారు. పరుగెత్తిస్తే ఈ చేతులు ఏం చేస్తాయో ఎవరు చెప్పగలరు?

"ఏమయ్యా," అంది వెనకనుంచి భీమమ్మ. "నీళ్లు సూసుకుంటా తోలు. నన్ను సూడాకు."

నాలుక చప్పుడు చేశాడు. ఎద్దులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. ముప్పై దాకా లెక్కపెట్టాడు. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. పక్కనే నడుస్తున్న మద్దమ్మ పెద్దడుగులు వేసింది, తర్వాత కొంగు నడుముకు దోపుకుని ఉరికింది, తర్వాత నిలిచిపోయి చెయ్యి ఊపింది. ఆమె చిన్నదై చిన్నదై చింతమాను పక్కన చుక్కయ్యేదాకా ఎద్దులు పరుగులో ఉన్నాయని ఎవరికీ తెలియలేదు.

ఆ పరుగును గిడ్డయ్య బతికినన్నాళ్లూ కలగానే చెప్పుకున్నాడు. దారిలో ప్రతి రాయీ ఆయనకు చుట్టమే. పదేళ్ల నత్తనడక ఊరికే పోలేదు. ఏ రాయిని కుడివైపు వదలాలో, ఏ గుంతకు ముందు పగ్గం ఒక వేలు బిగించాలో ఆయనకు చూడకుండానే తెలుసు. గిన్నెలో నీళ్లు సమంగా ఉన్నాయి. నీళ్లలో ఎండ, ఎండలో ఒక పల్చటి మబ్బు. ఆ మబ్బును చూస్తే బండి కదలకుండా నిలిచినట్టూ, బేతంచెర్ల గుట్టలే తమకు ఎదురొస్తున్నట్టూ ఉంది.

"కదిలిందా బండి?" అంది భీమమ్మ కళ్లు మూసుకునే.

"సగం దూరం వచ్చినాం, పండుకో."

వంక ఇంకా కనపడకముందే గిడ్డయ్య ఒంట్లో ప్రతి నరమూ దాన్ని కనిపెట్టింది. గట్టు పల్లం. పల్లంలో బండి ఎద్దుల మీదికి తోసుకొస్తుంది, అవి ఉరుకుతాయి. కింద ఇసుక. ఉరుకు మీద ఇసుకలో పడితే చక్రాలు ఎవరో పట్టి లాగినట్టు నిలిచిపోతాయి. ఇసుక చేరేలోపల పరుగును నడకగా దించాలి. జమ్మిచెట్టు దగ్గరనుంచే లోలోపల లెక్కపెడుతూ పగ్గాలు వేలు వేలుగా బిగించుకుంటూ వచ్చాడు. నీళ్లు ముందుకు వాలాయి. బొగ్గుగీత వైపు వస్తున్నాయి, వస్తున్నాయి. గట్టు మీది నుంచి బండి ముక్కు కిందికి వంగింది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి కేక.

"నిలుపూ!"

అదే గొంతు. అదే చోటు. రెండు చేతులూ పగ్గాలను లాగడానికి వాటంతట అవే పైకి లేచాయి. గిడ్డయ్య లాగలేదు. పళ్లు బిగబట్టి, గిన్నెలోకే చూస్తూ, "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అని పైకే లెక్కపెట్టాడు. కంటినుంచి కారిన చుక్కొకటి గిన్నెలో పడింది. పన్నెండు, పదమూడు. నీళ్లు గీతను తాకి అక్కడే ఉన్నాయి. ఇరవై. చక్రాలు ఇసుకలోకి మెత్తగా, దూది మీద దిగినట్టు దిగాయి. వెనక్కి తిరిగి చూశాడు. భీమమ్మ పెట్టినచోటే ఉంది. నొప్పి వచ్చి పోయింది, ముఖమంతా చెమట.

"పోనియ్యి," అంది.

స్టేషను చేరేసరికి సిగ్నలు చెయ్యి వాలి ఉంది, రైలు కూత వినిపిస్తోంది. ఆదివారం కావడంతో అక్కడే టీ తాగుతున్న ఏసేపు అయ్యవారు పరుగెత్తుకొచ్చి ఒక చెయ్యి వేశాడు. "ఎద్దులను నేను సూసుకుంటా, నువ్వు ఎక్కు," అని తోశాడు. భీమమ్మ చొప్పలోంచి లేస్తూ గిన్నెను మాత్రం వదలనంది. దాహానికి నీళ్లుంటాయని గిడ్డయ్య కూడా కాదనలేదు.

పెట్టెలో జనం జరిగి ఒక బల్లంతా ఆమెకు వదిలారు. గిన్నె గిడ్డయ్య ఒడిలో ఉంది. రైలు కదిలింది. నీళ్లు వెనక్కి వాలి, కాసేపటికి సమమయ్యాయి. పాణ్యం వైపు కొండలు కిటికీలోంచి నింపాదిగా వెనక్కి పోతున్నాయి.

"ఏమయ్యా, దగ్గరికి రా," అంది భీమమ్మ. గిడ్డయ్య వంగాడు. "నేనుంటానో పోతానో. ఒక మాట చెప్పకుండా పోలేను."

"నోరు మూసుకోవే."

"ఇనయ్యా. ఆ బిడ్డ... వంక కాడ పోలేదు. బండెక్కేలోపలే పోయింది. దానికి ముందు రెండు దినాలనుంచి కడుపులో కదల్లేదు. నేను గనిలో తట్ట మోస్తా కాలు జారి పడినా. నీకు చెప్పలే. నన్నంటావని భయం. నువ్వేమో పరుగు సంపిందంటివి. అనుకోనీలే అనుకుంటి. అయ్యోరి లెక్క ఇని నువ్వు ఆపేదే సంపిందంటివే, ఆపొద్దే చెప్పాల్సింది. నోరు రాలే."

గిడ్డయ్యకు కోపం వచ్చింది. రాదా మరి? పదేళ్లు. ఊరంతా నవ్వినా పడ్డాడు. ఈ చేతులను చూసుకుని ఎన్నిసార్లు ఏడ్చాడో ఆయనకే తెలుసు. నాలుక చివరిదాకా ఏదో వచ్చింది. అంతలోనే ఆ పదేళ్లూ ఆమె కూడా ఆ మాటను ఒంటరిగా మోసిందని, తట్టలో రాళ్లకన్నా అదే బరువని తట్టింది. పక్కన నడుస్తూనే ఉన్నా ఆ బరువు తనకు తెలియలేదు. కోపం ఉన్నచోటనే ఉంది గానీ దాని మీద ఇంకేదో నిండుగా వచ్చి కప్పింది.

గిన్నెను కింద పెట్టాడు.

"ఈ బిడ్డ కదుల్తాండాదా?"

భీమమ్మ ఆయన చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. రైలు తన పాటికి తను పోతోంది. చాలాసేపు ఏమీ లేదు. అప్పుడు లోపలినుంచి, పగ్గం లాగిన ఆ పాపిష్టి చేతినే, చిన్న మడమ ఒకటి ఫెడీమని తన్నింది.

సాయంత్రం దీపాలు పెట్టేవేళకు నంద్యాల ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కడుపు కోసి తీయాల్సి వచ్చింది. ఇద్దరూ బతికారు. డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంకో గంట ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని చెప్పింది. గిడ్డయ్య ఆమెకు దండం పెట్టబోయి, చేతుల్లో గిన్నె ఉండటంతో గిన్నెతోనే దండం పెట్టాడు.

మూడు వారాలకు తిరుగు ప్రయాణం. బేతంచెర్లలో ఏసేపు అయ్యవారి నడవ తయారైంది. పన్నెండు బండలూ అద్దంలా మెరుస్తున్నాయి. కోసి పక్కన పడేసిన మూరెడు ముక్క ఒకటి గోడవార ఉంది. గిడ్డయ్య దాన్ని అడిగి తీసుకున్నాడు. ఎందుకని అయ్యవారు అడగలేదు, గిడ్డయ్య చెప్పలేదు. కర్రోడూ మైలోడూ మూడు వారాలు కూర్చుని తిని బాగా బలిశాయి.

భీమమ్మ చొప్పలో కూర్చుంది, ఒడిలో బిడ్డ. గిన్నెను బోర్లించి పక్కన పెట్టింది. గిడ్డయ్య దాన్ని అడగలేదు. చదును దారిలో ఎద్దులు మువ్వలు మోగించుకుంటూ పరుగెత్తాయి. ఎదురొచ్చిన బండివాళ్లు ముక్కు మీద వేలేసుకుని నిలబడిపోయారు. బిడ్డ నిద్రలో పెదవులు కదుపుతూ, ఎక్కడో ఏదో చూస్తున్నట్టు కనుబొమలు ముడుస్తూ ఉంది. భీమమ్మ ఆ ముఖం మీదినుంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"వంక కాడ నిలుపయ్యా," అంది తలెత్తకుండానే.

"ఊ," అన్నాడు గిడ్డయ్య.

ఎండ చల్లబడింది. తంగేడు పూలవాసన వచ్చి పోయింది. బిడ్డ చెయ్యి ఒకటి పొత్తిళ్లలోంచి బయటపడితే భీమమ్మ దాన్ని తన వేలికి చుట్టుకోనిచ్చి, గోళ్లు చూసుకుంది. ఒక్కో గోరూ చూసుకుంది. మువ్వలు వినపడటం లేదని ఆమెకు ఎప్పటికో తోచింది. వంక దాటి వచ్చేశామేమోనని గాబరాపడింది.

"ఏమయ్యా, నిలపమంటి గదా, మర్చిపోయినావా?"

జవాబు ముందునుంచి రాలేదు, పక్కనుంచి వచ్చింది. గిడ్డయ్య గట్టు మీద, ఆనాటి కలబంద మొదట్లో మోకాళ్ల మీద కూర్చుని, మట్టి చదును చేసి, మూరెడు బండముక్కను కుదురుగా నిలబెడుతున్నాడు.

"నిలిచి శానాసేపయిందే," అన్నాడు. "పాపను ఎత్తుకోని దిగు."